పాత విమానముల భవితవ్యము

2025 సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్ నగరమున మిగ్-21 యుద్ధవిమానములకు మన వైమానికదళమువారు కడపటి వీడ్కోలు చెప్పిరి. 1963లో ఆ నగరముననే ఆ విమానముల తొలి దళము ఏర్పడినది. అరువదిరెండేండ్ల సేవానంతరము ఆ నగరముననే ఆ కథ ముగిసినది. పత్రికలన్నియు ఆ యంత్రము చేసిన మేలును, తెచ్చిన కీడును స్మరించినవి. 1971 డిసెంబరు 14వ తేదీన ఢాకాలోని గవర్నరు భవనముపై దాడి చేసి శత్రువు ధైర్యమును సడలించినవి ఇవియే. తరువాతి దశాబ్దులలో ప్రమాదములకు లోనై అనేకులగు యువవైమానికులను పొట్టనబెట్టుకొన్నవియు ఇవియే. ఈ రెండును నిజములే. ఆ వాదమును మేమిప్పుడు తిరిగి తెఱువదలచలేదు. మేమడుగదలచిన ప్రశ్న వేఱు. ఆకాశమునుండి దిగిన ఈ యంత్రములు ఇక నెచటికి పోవును? వాని లెక్కను ఎవరు వ్రాయుదురు?

ఈ ప్రశ్న ఢిల్లీవారికే విడిచిపెట్టదగినది కాదు. మిగ్-21 విమానములు సుమారు 870 మన దళములలో చేరినవి. అందు 600 పైచిలుకు ఈ దేశముననే నిర్మితమైనవి. విమానశరీరము నాసికులోను, ఇంజను ఒడిస్సాలోని కోరాపుటులోను, వానికి కన్నులు చెవులు వంటివగు విద్యుత్పరికరములు మన హైదరాబాదులోను తయారైనవి. బాలానగరపు కర్మాగారమున చేరి, ఆ పనిలోనే తల నెఱసిన తెలుగువారెందరో గలరు. కావున ఈ విమానము పరదేశపు నమూనాయే యైనను, పరుల సొత్తు మాత్రము కాదు. దాని భవితవ్యమును గూర్చి మాటాడుటకు మనకును హక్కు గలదు. ఆ హక్కుతోపాటు బాధ్యతయు గలదు.

"పాత ఇనుమును గూర్చి ఇంత చర్చ యేల? తుక్కుధరకు అమ్మి, వచ్చిన సొమ్ము ఖజానాకు జమకట్టిన చాలదా?" యని పలుకువా రుందురు. వారి మాట పూర్తిగ త్రోసివేయదగినది కాదు. వందలకొలది విమానములను ఏ దేశమును దాచలేదు, దాచనక్కఱయు లేదు. కాని ఏనుగు బ్రతికినను వెయ్యే, చచ్చినను వెయ్యే యన్న సామెత కొన్ని యంత్రములకు చక్కగ వర్తించును. ఒక కాలపు ప్రజలు ఏ లోహమును కరగింపనేర్చిరో, ఏ పనిముట్టుతో దేనిని బిగించిరో, ఎంత అపాయమునకు గుండె నిబ్బరించుకొనిరో తెలుపుటకు గ్రంథములు చాలవు, వస్తువు కావలెను. శిలాశాసనము చరిత్రకారుని కెట్టిదో, మిగిలిన విమానము పారిశ్రామికచరిత్ర కట్టిది. అన్ని రాళ్లును శాసనములు కావు గదా! ఏది శాసనమో, ఏది మెట్టురాయో తెలిసికొనకమునుపే సుత్తెదెబ్బ వేయుట మాత్రము అవివేకము.

ఇతరదేశములలో ఈ వివేచన వ్యాపకముగ పెరిగినది. ఇంగ్లండు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో పాత విమానముల జాడలు తీయుట వేలమందికి ఆదివారపు వేడుక. అది వట్టి పిచ్చిగ పైకి తోచవచ్చును. దాని పద్ధతి మాత్రము మన కరణముల పద్ధతికి తీసిపోదు. ప్రతి విమానమునకును నిర్మించినవారు వేసిన సంఖ్య యొకటి యుండును. సైన్యము వేసిన సంఖ్య మఱియొకటి యుండును. దేశము మారినప్పుడు, యజమాని మారినప్పుడు పై రంగు మారును, రెండవ సంఖ్య మారును. లోహఫలకముపై పొడిచిన మొదటి సంఖ్య మారదు. ఈ ఔత్సాహికులు ఆ సంఖ్యను పట్టుకొని, చిట్టాలు వెదకి, ఛాయాచిత్రములు పోల్చి, ఫలానా విమానము ఫలానా సంవత్సరమున ఎచట పుట్టి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయి, నేడెచట నున్నదో పొల్లు పోకుండ వ్రాసి యుంతురు. దస్తావేజు, అడంగలు, హద్దులు మూడును సరిపోలినగాని పొలము కొనని మన రైతులకు ఈ శ్రద్ధ విలువను వేఱుగ చెప్పనక్కఱ లేదు.

ఈ శ్రద్ధ లేనిచోట ఏమి జరుగునో, ఉన్నచోట ఏమి జరుగునో తెలుపుటకు కాశీనగరమున జరిగిన యొక్క ఉదంతము చాలును. 1940లో ఇంగ్లండుపై జర్మను విమానములు విరుచుకొనిపడిన కాలమున, ఆర్-4118 అను సంఖ్యగల హరికేన్ యుద్ధవిమాన మొకటి 49 పర్యాయములు పోరునకు లేచి, ఐదు శత్రువిమానముల పతనమున పాలుపంచుకొన్నది. 1943 చివర దానిని శిక్షణావసరములకై మన దేశమునకు పంపిరి. 1947లో అది కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు ఇంజనీరింగు విద్యార్థుల బోధనకై దత్తమైనది. బోధన ముగిసినపిదప ఆ యంత్రము ఆవరణలో ఆరుబయట ఎండకు ఎండుచు, వానకు తడియుచు, చెట్లచాటున దశాబ్దులకొలది పడియుండెను. ఆ దారిన పోయిన విద్యార్థులెందరు! ఆచార్యులెందరు! ఆ సంఖ్యను చదువవలెనన్న తలంపు మాత్రము ఇచట నెవరికిని పుట్టలేదు.

1982లో పీటర్ వాచర్ అను ఆంగ్లేయుడు దానిని చూచెను. పాత యంత్రములయందు అభిరుచి గలవాడగుటచే అది యేమో పోల్చుకొనెను. ఆ తరువాత ఏండ్లకొలది దానిని మఱువక, ఆరేండ్లు సంప్రదింపులు సాగించి, 2001లో దానిని ఇంగ్లండునకు తరలించుకొనిపోయెను. అచట పనివారు దానిని మరమేకు మరమేకుగ విప్పి, తిరిగి కూర్చిరి. 2004 డిసెంబరులో అది మరల ఆకాశమున కెగసినది. ఇంగ్లండు రక్షణకై పోరిన హరికేన్లలో నేటికిని ఎగురగల అరుదైన వానిలో నొకటిగా అది ప్రసిద్ధి కెక్కినది. పెరటిచెట్టు మందునకు పనికిరాదందురు. కాశీ పెరటిలో తుప్పుపట్టిన చెట్టు, సముద్రము దాటగనే సంజీవని యైనది.

ఇందుకు ఆ ఆంగ్లేయుని నిందింతుమా? మేము నిందింపము. అతడు దొంగిలించుకొనిపోలేదు, అడిగి, వేచి, అనుమతి పొంది తీసికొనిపోయెను. ఆ విమానము ముఖ్యముగ ఇంగ్లండు చరిత్రకు చెందినదనియు ఒప్పుకొందము. అది ఇచటనే యుండిన ఈపాటికి మట్టిలో కలిసియుండెడిదనుటయు సత్యమే. మన విచార మంతయు మఱియొక విషయమును గూర్చినది. కోరి వచ్చినవాడు దాని విలువ నెఱిగియుండెను, ఇచ్చినవారు ఎఱుగకుండిరి. ఎఱిగి ఇచ్చిన అది దానము. ఎఱిగి అమ్మిన అది బేరము. ఎఱుగక పోగొట్టుకొనిన దానికి మన భాషలో గౌరవప్రదమైన పేరు లేదు.

హరికేన్ పరాయి గాథయని సరిపెట్టుకొనువారు లిబరేటర్ల కథను వినవలెను. అది ముమ్మాటికిని మన గాథయే. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా అరువుగ నిచ్చిన బి-24 లిబరేటరు బాంబరులు పెక్కింటిని బ్రిటిషువారు మన దేశమునుండి నడపిరి. 1945లో యుద్ధము ముగిసెను. ఒడంబడిక ప్రకారము వానిని తిరిగి అమెరికా కప్పగింపవలెను, లేదా పనికిరాకుండ చేయవలెను. కాన్పూరులో గుట్టలుగ చేరిన ఆ విమానములను ఇక నెవరును ఎగురవేయకుండునట్లు చెడగొట్టి, అచటనే వదలి, ఏలికలు ఓడ లెక్కిరి.

స్వతంత్రమైన దేశమునకు అప్పుడు దూరప్రయాణము చేయు బాంబరు ఒక్కటియు లేదు. కొనుటకు ధనము లేదు. అమ్ముటకు ఉత్సాహము చూపువారును తక్కువ. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ గారి చొరవతో బెంగుళూరున వెలసిన హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు కర్మాగారమువారు కాన్పూరు శిథిలములను పరీక్షించిరి. ఒకదాని ఱెక్క మఱియొకదానికి, దాని చక్రము వేఱొకదానికి అతికి, ఎట్లో ఎగురునంతవఱకు సిద్ధపఱచి, ఒక్కొక్కదానిని బెంగుళూరు చేర్చిరి. జంషేడ్ మున్షీ అను వైమానికుడు ఆ అతుకుల విమానములను కాన్పూరునుండి నడపి తెచ్చిన సాహసము నేటికిని వైమానికవర్గములలో చెప్పుకొనదగినదిగ నున్నది. అచట సంపూర్ణముగ బాగుచేయబడి 40 పైచిలుకు లిబరేటర్లు దళములో చేరినవి. 1948 నవంబరులో వానితో అయిదవ దళము ఏర్పడినది. పనికిరావని వదలిన ఆ యంత్రములు 1968 వఱకు, అనగా ఇరువదియేండ్లు, మన సముద్రములపై కాపు కాచినవి. లిబరేటర్లను యుద్ధవిధులలో అంతకాలము వాడిన దేశము ప్రపంచమున మఱియొకటి లేదు.

వాని తరువాతి గతి యేమి? అమెరికాలో ఈ జాతి విమానములు 18 వేలకు పైగా తయారైనవి. నేడు ప్రపంచమంతటను వెదకినను పూర్తిరూపముతో మిగిలినవి రెండు పదులకు లోపే. అందు ఆఱు మన వైమానికదళమున సేవచేసినవి. ఒకటి 1968లో కెనడాకు పోయినది. ఒకటి 1969లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున పీమా ప్రదర్శనశాలకు ఎగిరిపోయినది. ఒకటి 1974లో బ్రిటిషు రాయల్ ఎయిర్‌ఫోర్సు ప్రదర్శనశాలకు బహూకృతమైనది. ఇంకొకటి ఫ్లారిడాలోని ఒక సంగ్రహాలయమున గలదు. మఱియొకటి 1980 తరువాతి యేండ్లలో ఇంగ్లండు మీదుగ అమెరికా చేరి, కాలింగ్స్ సంస్థవారి పోషణలో 1989లో తిరిగి ఎగిరినది. చివరిది ఢిల్లీలోని పాలం ప్రదర్శనశాలలో మన కొఱకు మిగిలినది. కాన్పూరు చెత్తకుప్పనుండి బెంగుళూరు పనివారు లేపియుండనిచో, నేడు ఈ దేశముల ప్రదర్శనశాలలలో ఆ స్థానములు శూన్యముగ నుండెడివి. ప్రపంచమునకు ఆ విమానజాతిని దక్కించిన గొప్పతనములో పెద్దపాలు మన కమ్మరులది, మన ఫిట్టరులది, మన ఇంజనీరులది. వారి పేర్లు ఎంతమందికి తెలియును?

కెనడాతో జరిగిన వ్యవహారమును మేము ప్రత్యేకముగ ప్రశంసింపదలచితిమి. లిబరేటరు నిచ్చి, దానికి బదులుగ లైశాండరు అను పాత విమానమును మన పాలం ప్రదర్శనశాలకై పుచ్చుకొనిరి. మన తొలి దళము బర్మా యుద్ధమున నడపిన జాతి యది. మన యొద్ద ఒక్కటియు మిగలలేదు. మిగులు నిచ్చి కొఱతను పూరించుకొనుట వివేకవంతుల బేరము. ఇట్టి బేరమునకు ముందుగ మన ఇంట ఏమున్నదో, ఏమి లేదో తెలిసియుండవలెను. ఆ తెలివి ఎల్లప్పుడును నిలువలేదు. 1970 తరువాతి దశకమున మన యొద్ద మూలబడిన స్పిట్‌ఫైరులు, టెంపెస్టులు గంపగుత్తగ ఇంగ్లండు ఔత్సాహికుల చేతులకు చేరినవి. వారు వానిని బాగుచేసి ఎగురవేసిరి. నేడు ఒక్కొక్క స్పిట్‌ఫైరు కోట్లకొలది రూపాయల మూల్యము పలుకుచున్నది.

విధివిలాసమును చూడుడు! అమ్ముకొనినవారే తిరిగి వెదకవలసిన దినము వచ్చినది. 1947 అక్టోబరు 27వ తేదీన సిక్కు పటాలమును శ్రీనగరములో దింపి కాశ్మీరమును నిలిపినవి డకోటా విమానములు. దళమునందేగాక పౌరసంస్థలయందున్న డకోటాలు సైతము ఆ దినములలో సైనికులను మోసినవి. ఆ జాతి విమానములు మన దేశమున కుప్పతెప్పలుగ నుండెడివి. 1945లో నైజాము రాజ్యమున బేగంపేట కేంద్రముగ స్థాపితమై 1953లో జాతీయమైన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ వానినే నడపినది. ప్రేమ్ మాథుర్ అను మహిళ వాణిజ్యవిమానచాలకురాలిగ తొలి యడుగు వేసినది ఆ సంస్థలోనే. అట్టి దేశమునకు ఎగురగల డకోటా ఒక్కటి కావలసివచ్చినప్పుడు, ఐర్లండులో తుక్కుగ పడియున్న దానిని రాజీవ్ చంద్రశేఖర్ గారు స్వంత ధనముతో కొని, ఇంగ్లండులోని కవెంట్రీలో బాగుచేయించి వైమానికదళమునకు సమర్పించిరి. ఆయన తండ్రిగారు డకోటాలు నడపిన వైమానికుడు. 2018 మే నెలలో "పరశురామ" యను పేర అది హిండన్ స్థావరమున దళములో చేరినది.

ఇచట విజ్ఞులగు పాఠకులొక సూక్ష్మమును గమనింపవలెను. పరశురామకు వి.పి. 905 అను సంఖ్య వేసిరి. శ్రీనగరములో దిగిన డకోటా సంఖ్య యది. ఇపుడున్నది ఆ విమానమే కాదు. ఆ విమానపు పేరు పెట్టుకొన్న వంశీయుడు. దీనిలో మోసము లేదు. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము మనకు క్రొత్తయు కాదు. కాని తాతయు మనుమడును ఒకరే యని ముందుతరములవారు భ్రమించు దినము రాకూడదు. పాశ్చాత్యుల యందును ఈ చిక్కు గలదు. నేలలో దొరకిన నామఫలక మొకటి, వంగిన ఇనుపకడ్డీలు నాలుగు చేతికి రాగా, వానిచుట్టును నూటికి తొంబదిపాళ్లు క్రొత్త లోహముతో విమానమును కట్టి, పాతదియే తిరిగి లేచినదని చాటువారు గలరు. ఏది మూలము, ఏది పునర్నిర్మాణము, ఏది పోలిక మాత్రమే యని విడదీసి చెప్పగలది చిట్టా యొక్కటియే. చిట్టా లేని వారసత్వము త్వరలోనే పుక్కిటిపురాణ మగును.

ఇంకొక వివాదమును స్పృశింపక తప్పదు. మిగిలిన పాత విమానమును ఎగురవేయవలెనా, నిలిపి చూపవలెనా? ఎగురనిది విమానమే కాదని యొక పక్షము వాదించును. ఎగిరిన ప్రతిసారియు చరిత్రను పందెము కాయుచున్నారని రెండవ పక్షము హెచ్చరించును. 2019 అక్టోబరు 2వ తేదీన అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రమున బి-17 బాంబరు కూలి ఏడుగురు మరణించిరి. 2022 నవంబరు 12వ తేదీన డాలస్ నగరపు ప్రదర్శనలో రెండు పాత విమానములు ఆకాశమున ఢీకొని ఆరుగురు మరణించిరి. మనుష్యులతోపాటు అపురూపములగు విమానములును నశించినవి. మా అభిప్రాయము మధ్యస్థము. ఒక జాతిలో పలు విమానములు మిగిలినచో ఒకదానిని ఎగురునట్టి స్థితిలో నుంచుట మంచిది. దానితో ఆ చేతిపనియు, ఆ చాలకవిద్యయు జీవించును. 2012లో మన దళము తిరిగి ఎగురవేసిన టైగర్ మాత్ శిక్షణవిమానము ఇట్టిది. ఒక్కటియే మిగిలినచో దానిని నేలపైననే, కప్పుక్రిందనే కాపాడవలెను. పాలములో నున్న వాపిటి విమానము ఇట్టిది. 1933లో మన తొలి దళము కరాచీలో నాలుగు వాపిటులతోనే ప్రారంభమైనది. ప్రపంచమంతటను మిగిలిన పూర్తి వాపిటి యది యొక్కటియే. అది మనకు కోహినూరు వంటిది. అదృష్టవశమున ఇది ఇంకను మన యొద్దనే యున్నది.

కప్పుక్రింద నను మాటను మేము కావలసియే వాడితిమి. మన దేశమున విమానమును గౌరవించుట యనగా దానిని ఇనుపస్తంభముపై నెక్కించి కూడలిలో నిలుపుట యని యర్థమైపోయినది. సైనికద్వారముల యొద్ద, కళాశాలల ముంగిట, ఉద్యానవనములలో మిగ్ విమానములు ఇట్లు నిలిచియున్నవి. తొలియేట శోభగనే యుండును. ఆపై జరుగునది వినుడు. విమానపు చర్మము అల్యూమినియపు రేకు. దానిని బిగించినవి పలుచోట్ల ఉక్కు మరలు. రెండు లోహములు తాకినచోట తడి చేరిన, అల్యూమినియము తినబడును. ఱెక్కలలో నీరు నిలుచును. గాలి లోనికి పోవు ద్వారములలో పక్షులు గూళ్లు కట్టును. గూళ్ల మలినము రేకును తినును. మూడేండ్ల కొకమారు వేసిన రంగు లోపలి కుళ్లును కప్పిపెట్టును. చూచువారికి విమానము, తాకినవారికి పొట్టు! ఇది సంరక్షణ కాదు. నలుగురు చూచుచుండగ జరుగు నెమ్మదియైన దహనసంస్కారము.

మన విశాఖపట్టణమును చూడుడు. 29 ఏండ్లు నౌకాదళమున సేవచేసి 2017 మార్చిలో విరమించిన టి.యు.-142 అను మహాకాయవిమానమును సముద్రతీరమున ప్రదర్శనశాలగ నిలిపిరి. ఆ యేడు డిసెంబరులో రాష్ట్రపతి దానిని ప్రారంభించిరి. ఇది మెచ్చదగిన పని. పిల్లలు దాని కడుపులోనికి పోయి చూచి, వైమానికులు గంటలకొలది సముద్రముపై నెట్లు కాలము గడపిరో తెలిసికొనుచున్నారు. కాని దానికెదుట ఉప్పుగాలి, ఎప్పటికప్పుడు తుఫానుల భయము. కట్టిన ఉత్సాహము కాపాడుటయందును నిలువవలెను. ప్రతి సంవత్సరమును లోపలి కీళ్లను పరీక్షించి ఆ పరీక్షాఫలితమును ప్రజలకు ప్రకటించిన, నగరపాలకులకు కీర్తియే గాని కొఱత కలుగదు.

శాసనము ఈ విషయమున మనకు తోడ్పడుచున్నదా? పురావస్తువుల రక్షణకై 1972లో చేయబడిన చట్టము నూఱేండ్లు నిండిన వస్తువులనే పురావస్తువులుగ గుర్తించును. వ్రాతప్రతులకు డెబ్బదియైదేండ్లు చాలునన్నది. విగ్రహములకు, శాసనములకు ఈ గడువు సరిపోవచ్చును, అవి రాతివి. విమానము రేకుది. కాశీ హరికేన్ మనలను విడిచినప్పుడు దాని వయస్సు అరువదియొక్కయేండ్లు. ప్రొఫెసర్ కుర్టు టాంకు సారథ్యమున మనవారే బెంగుళూరున రూపించి, 1961 జూన్ 17వ తేదీన తొలిసారి ఎగురవేసిన మారుత్ యుద్ధవిమానము చట్టప్రకారము పురావస్తువగుటకు 2061 వఱకు వేచియుండవలెను. మొత్తము 147 మారుత్‌లు నిర్మితమైనవి. నేడు మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి. అందొకటి జర్మనీలోని మ్యూనిక్ సమీపపు ప్రదర్శనశాలలో గలదు. స్వదేశమున రూపించిన తొలి జెట్టు యుద్ధవిమానమునకే ఈ గతియైన, తక్కిన వాని మాట చెప్పనేల? బ్రిటనులో ఏబదియేండ్లు దాటి, నిర్ణీతమగు విలువగల సాంస్కృతికవస్తువు దేశము విడువవలెనన్న ప్రభుత్వానుమతి కావలెను. యంత్రములకైనను అట్టి గడువును మనమేల పెట్టరాదు?

మా సూచనలు క్లుప్తముగ ఇవి. మొదట, దేశమున నున్న పాత విమానముల నన్నింటిని లెక్కించి పట్టిక వేయవలెను. సంఖ్య, జాతి, సేవాచరిత్ర, ఉన్న చోటు, ఉన్న స్థితి అందుండవలెను. ప్రజలెవరైనను దానిని చూడగలిగియుండవలెను. దీనికి కోట్లు అక్కఱ లేదు. కెమెరాలు పట్టుకొని ఊరూర తిరిగి, స్తంభములపై విమానముల సంఖ్యలను వ్రాసికొనుచున్న యువకులు మన దేశముననే గలరు. గేటుకడ జవాను వారిని దొంగలవలె తఱుముటకు బదులు, ప్రభుత్వము వారిని సహాయకులుగ పిలిచిన సగము పని ముగియును. రెండవది, ఒక జాతి విమానములలో మిగిలినవి ఇన్నింటికి తగ్గినపుడు వానిని తుక్కుగ అమ్మరాదని, దేశము దాటింపరాదని నియమ మేర్పడవలెను. బదులు తెచ్చుకొను బేరములకు మాత్రము నిపుణుల సభ అనుమతి నీయవచ్చును. మూడవది, మిగ్-21 విమానములలో చరిత్ర గలవానిని, అనగా యుద్ధమున పాల్గొన్నవానిని, నాసికులో తొలుత తయారైనవానిని, కడపట ఎగిరినవానిని, సంఖ్యలనుబట్టి ముందే ఏఱి, కప్పుక్రింద చేర్చవలెను. చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనిన ప్రయోజనము లేదు.

నాలుగవ సూచన మన తెలుగునాటికి సంబంధించినది. విమానముతో దాని చిట్టాపుస్తకము పోరాదు; చిట్టాతో దానిని నిర్మించినవాని జ్ఞాపకము పోరాదు. హైదరాబాదు కర్మాగారమున 1960 తరువాతి దశకమున పనిలో చేరినవారు నేడు ఎనుబదియేండ్లకు సమీపించుచున్నారు. రష్యను పటములను చూచి, తెలియని భాషలోని పరికరములను విప్పి, మరల కూర్చిన విధమును వారు నోట చెప్పగలరు. మఱి పదియేండ్లకు చెప్పువా రుండరు. మన విశ్వవిద్యాలయములు, మన పౌరసంఘములు వారి మాటలను ఇప్పుడే నమోదుచేయవలెను. బేగంపేటలో విమానరాకపోకల కేర్పడిన పాతనేల యింకను గలదు. తెలుగుదేశపు వైమానికచరిత్రకు అంతకన్న తగిన ఆలయ మేది? దక్కన్ ఎయిర్‌వేస్ నాటి పటములును, మిగ్-21 పరికరములును ఒక్క కప్పుక్రింద చేరిన, మన బిడ్డలు వచ్చి చూచి నేర్చుకొందురు.

తమ గ్రామములలో, పట్టణములలో పలుకుబడి గల మా పాఠకులకు మేమొక విన్నపము చేయుచున్నాము. మీ పురపాలకసంఘమో, మీరు పోషించు కళాశాలయో రేపు ఒక పాత విమానమును కోరి తెచ్చుకొనవచ్చును. తెచ్చుటకు ముందు మూడు ప్రశ్న లడుగుడు: దాని సంఖ్య యేది? దాని చిట్టా యేది? దాని కప్పునకు, ఏటేట కాపుదలకు సొమ్మేది? ఈ మూడింటికి జవాబు లేనిచో దానిని అడుగకుండుటయే మేలు. దేవాలయమున విగ్రహము ప్రతిష్ఠించువాడు ధూపదీపనైవేద్యములకు మాన్యము వ్రాసిగాని ప్రతిష్ఠ చేయడు. మన పూర్వుల యీ నియమము యంత్రములకును వర్తించును.

పేదదేశమునకు ఇవి విలాసములని కొంద ఱింకను అనవచ్చును. కాన్పూరు శిథిలములనుండి లిబరేటర్లను లేపినప్పుడు మన దేశము నేటికన్న ఎన్నో రెట్లు పేదది. ఆనాడు పరులు విఱుగగొట్టి పోయినవానిని మనవారు అతికి ఎగురవేసిరి. ఈనాడు మనమే నిర్మించినవానిని మనమే తూకమునకు వేసినచో, ఆ పేదవారి యెదుట మనము తలయెత్తుకొనలేము. మిగ్-21 విమానములు నేలకు దిగినవి. వాని సంఖ్యలింకను చెరిగిపోలేదు. వానిని నిర్మించినవారింకను సజీవులై యున్నారు. పట్టిక వ్రాయుటకు ఇంతకన్న అనుకూలమైన కాలము మఱి రాదు. ప్రభుత్వమువారు ఈ సంవత్సరముననే ఆ పనికి పూనుకొందురని ఆశించుచున్నాము.